ఆరబెట్టిన ఉత్తర్వు

పౌరులు ప్రభుత్వం మాట ఎందుకు వినాలి అన్న ప్రశ్న చాలా పాతది. ఎన్నో పెద్ద బుర్రలు వందల ఏళ్ళు దాని ముందు కూర్చుని, నడుం నొప్పి పుట్టి లేచిపోయాయి గాని జవాబు తేలలేదు. ఆ జవాబు ఇటీవల ఊళ్ళో ఒక సందు మొగదల దొరికిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. అది రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉన్న రేకు ముక్క. తెల్లరంగు మీద ఎర్ర అక్షరాలు. అది దొరికిన వైనం దిగువ వివరంగా రాయడమైనది. పాఠకులు చివరివరకూ చదవవలెను. మధ్యలో లేచి వెళ్ళరాదు. ఇట్లు, ఉత్తర్వుల మేరకు.

ఆ ఊళ్ళో బోర్డులు రాసే పెయింటరు ఒకడున్నాడు. పనిమంతుడు. దారం కట్టకుండా గీత గీస్తే దారమే సిగ్గుపడాలి. ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వ కార్యాలయాలకు బోర్డులు రాసి రాసి అతని కుడిచెయ్యి సగం ప్రభుత్వోద్యోగి అయిపోయింది. ‘ఇచ్చట ఉమ్మివేయరాదు’ అతను రాసిందే. ‘గోడలపై రాయరాదు’ కూడా అతనే రాశాడు, గోడ మీద. ‘భోజన విరామ సమయంలో ప్రశ్నలు అడగరాదు’ అన్నది అతని అక్షరాల్లోకెల్లా అందమైనదని తెలిసినవాళ్ళు అంటారు. ప్రతి బోర్డు కిందా చిన్న అక్షరాల్లో ‘ఇట్లు, ఉత్తర్వుల మేరకు’ అని రాసి, దాని కింద ఒక గీత గీసి, గీత చివర ఒక మెలిక తిప్పుతాడు. ఆ మెలిక తిప్పేటప్పుడు కుంచె వైపు కూడా చూడడు. ఒకసారి ఎవరింట్లోనో పెళ్ళికి ‘స్వాగతం’ బోర్డు రాసి దాని కిందా అదే రాసేశాడు. ఆ పెళ్ళిలో అతిథులు వరసలో నిలబడి లోపలికి వెళ్ళారు. భోజనాల దగ్గర కూడా ఒక్కరూ తోసుకోలేదు.

జవాబు పుట్టిన బోర్డు మాత్రం ప్రభుత్వానిది కాదు. ఊరి చివర ఉల్లిపాయల గోడౌను ఉంది. దాని యజమాని వెనక గుమ్మానికి ‘ప్రవేశం లేదు’ అని ఒక బోర్డు రాయమన్నాడు. రెండంటే రెండు మాటలు. రెండు మాటలూ అయిపోయాయి గాని చెయ్యి ఆగలేదు. ‘ఇట్లు, ఉత్తర్వుల మేరకు’ రాసి, గీత గీసి, మెలిక తిప్పాకే ఆగింది. పెయింటరు నాలిక్కరుచుకున్నాడు. ఆరిన తర్వాత ఆ వరస మీద తెల్లరంగు పూసి కప్పేద్దాంలే అనుకున్నాడు.

అతని కొట్టు ఒక సందు పక్కనే ఉంది. పక్క మేడ నీడ కొట్టు మీద పడుతుంది కాబట్టి ఎండ తగిలేది సందు మొగదల ఉన్న కరెంటు స్తంభం దగ్గరే. ఇరవై రెండేళ్ళుగా అతని బోర్డులన్నీ ఆ స్తంభానికి ఆనుకునే ఆరాయి. ఎప్పుడూ పక్కన రంగుడబ్బాలు, స్టూలు, స్టూలు మీద అతనూ ఉండేవారు కాబట్టి చూసినవాళ్ళకు అది ఆరుతున్న బోర్డని తెలిసేది. ఆ రోజు మాత్రం ఒక కాంట్రాక్టరు వ్యాను వేసుకుని వచ్చాడు. నది మీద వంతెన స్తంభాలకు అర్జంటుగా నంబర్లు వెయ్యాలట, ఎవరో పెద్దాయన వచ్చి లెక్కపెడతాడట. పెయింటరు డబ్బాలు, స్టూలు వ్యానులో వేసుకున్నాడు. గాలికి పడిపోకుండా బోర్డును రెండు చుట్లు తీగతో స్తంభానికి బిగించాడు. వ్యాను ఎక్కాడు.

మనిషి, స్టూలు, డబ్బాలు పోయి, తీగ వచ్చింది. ప్రభుత్వం ఏర్పడడానికి అంతకంటే ఏం కావాలి?

ఐదో రోజు అతను తిరిగొచ్చేసరికి సందు మొగదల జనం క్రమశిక్షణతో నిలబడి ఉన్నారు. పాలవాడు బోర్డుకి ఇవతల నిలబడి, చెయ్యి చాపి, అవతల నిలబడినవాళ్ళ గిన్నెల్లో పాలు పోస్తున్నాడు. సగం నేల తాగుతోంది. పోస్టుమాన్ ఉత్తరాల మీద పేర్లు చదివి, గురి చూసి సందులోకి విసురుతున్నాడు. గోధుమల డబ్బాలు నెత్తిన పెట్టుకొచ్చిన ఆడవాళ్ళు బోర్డు చదివి, ‘అలాగా’ అన్నట్టు తల ఊపి, వచ్చిన దారినే వెళ్ళిపోతున్నారు. ఆపడానికి అక్కడ పోలీసు లేడు, తాడు లేదు, గేటు లేదు. కుక్కలు మాత్రం యథేచ్ఛగా లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి. వాటికి చదువబ్బలేదు.

ఆ సందు చివర పెయింటరు అక్క పిండిమర నడుపుతోంది. వాళ్ళమ్మ నడిపిన మర అది. ఇప్పుడామె సందు మొగదల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

“వచ్చావా నాయనా!” అంది తమ్ముణ్ణి చూడగానే. “ఐదు రోజుల్నించీ నా మరలో ఒక్క గింజ పడలేదురా. ఎవడో ఇక్కడ బోర్డు కట్టిపోయాడు. వాడెవడో గాని, వాడి చేతులు పడిపోను!”

పెయింటరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

“బావ ఏమన్నాడక్కా?”

“మీ బావా? ఆయన నాకెక్కడ కనపడ్డాడు! మీ ఇంట్లోనే ఉన్నాడు, వెళ్ళి చూసుకో.”

బావ హైస్కూల్లో పౌరశాస్త్రం చెప్పే మాస్టారు. బోర్డు కట్టిన సాయంత్రం బడి నుంచి వస్తూ దాన్ని చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. గొడుగు ముడిచి వెనక్కి తిరిగి, తిన్నగా బావమరిది ఇంటికి వచ్చి, వాలుకుర్చీలో కూర్చున్నాడు. బడికి సెలవు పెట్టి, ఐదు రోజులుగా భోజనానికి తప్ప లేవలేదు. “ఇల్లు కనపడుతూనే ఉందిగా అన్నయ్యగారూ, ఒక్కసారి వెళ్ళి చూసి రాకూడదూ?” అని పెయింటరు భార్య మర్యాదగా అడిగితే, “వెళ్ళలేక కాదు చెల్లెమ్మా. వెళ్ళకూడదు. రెంటికీ చాలా తేడా ఉంది. పూట పూటా నీకు శ్రమగా ఉంటే కూర ఒకటి తగ్గించు” అన్నాడట. త్యాగం అంటే అలా ఉండాలి.

పెయింటరు కాళ్ళయినా కడుక్కోకుండా బావ ఎదుట నిలబడ్డాడు.

“బావా, ఆ బోర్డు నాది. నేనే రాశాను. అక్కడ ఆరబెట్టాను.”

“నువ్వు రాయలేదని ఎవరన్నారోయ్? ప్రతి చట్టాన్నీ ఎవడో ఒక రాతగాడే రాస్తాడు. అంతమాత్రాన అది వాడి సొంతం అయిపోతుందా?”

“ఉల్లిపాయల గోడౌనుకి రాశాను బావా!”

“ఉత్తర్వుల మేరకు అని ఉంది.”

“అది నా చేతి అలవాటు.”

“అదిగో!” అని బావ వాలుకుర్చీలోంచి లేచి కూర్చున్నాడు. భోజనానికి కాకుండా లేవడం ఐదు రోజుల్లో అదే మొదటిసారి. “రాజ్యం అంటే మరేమిటనుకున్నావ్? ఒకరి చేతి అలవాటు, ఇంకొకరి కాలి అలవాటు. విను. పౌరుడు ప్రభుత్వానికి లోబడి ఉండడానికి మూడు కారణాలు. మా పిల్లలకి ఐదు మార్కుల ప్రశ్న ఇది. మొదటిది, సమ్మతి. బోర్డు చూశావు, వెనక్కి తిరిగావు, అంటే ఒప్పుకున్నట్టే.”

“తిరక్కపోతే?”

“తప్పు చేసినట్టు. రెండోది, కృతజ్ఞత. ప్రభుత్వం రోడ్లు వేసింది, దీపాలు పెట్టింది...”

“ఆ సందులో రోడ్డు వెయ్యలేదు కదా బావా. దీపమూ లేదు.”

“వేస్తే ఎంత బాగుండేదో ఊహించుకుని దానికి కృతజ్ఞత చూపించాలి. మూడోది అసలైనది. పాలవాడు లోపలికి వెళ్ళడం మానుకున్నాడు. పోస్టుమాన్ మానుకున్నాడు. కట్టుకున్న ఇల్లు, కట్టుకున్న పెళ్ళాం అక్కడుండగా నేను మానుకున్నాను. ఇంతమందిమి కష్టపడుతుంటే నువ్వొక్కడివీ దర్జాగా సందులోకి నడిచి వెళ్తే, అది మమ్మల్నందర్నీ మోసం చేసినట్టు కాదూ?”

మొదటి రెంటికీ పెయింటరు దగ్గర ఏదో ఒక మాట ఉంది. మూడోది మాత్రం సూటిగా తగిలింది. నిజమే కదా అనిపించి ఒక్క క్షణం తలవంచుకున్నాడు కూడా.

“అక్క ఒక్కతే ఉంది బావా అక్కడ,” అన్నాడు చివరికి.

బావ కళ్ళు చెమ్మగిల్లాయి. “నాకు బాధ లేదనుకున్నావా? బాధ ఉంది కాబట్టే ఇది బాధ్యత. చెల్లెమ్మా, ఇంకాస్త టీ ఉందా?”

మర్నాడు పొద్దున్నే పెయింటరు పటకారు పట్టుకుని స్తంభం దగ్గరికి వెళ్ళాడు. తీగ ఒక చుట్టు విప్పాడో లేదో, ఎదుటి కొట్టులోంచి మంగలి సబ్బు నురగ చేతుల్తోనే పరిగెత్తుకొచ్చాడు. సగం గడ్డంతో ఆయన గిరాకీ కూడా వచ్చాడు. “ఏవయ్యా, ప్రభుత్వ బోర్డు మీద చెయ్యి వేస్తావా? మేమంతా చుట్టూ తిరిగి పోతున్నాం, నీకేం తొందర?” అని కేకలేశారు. ఆ కేకలకి కానిస్టేబులు వచ్చాడు.

“తీయడానికి కాగితం ఉందా?” అన్నాడు కానిస్టేబులు.

“కట్టడానికి కూడా లేదండీ. నేనే కట్టాను.”

“కట్టడానికి కాగితం ఎందుకయ్యా? ఎవడైనా కడతాడు. తీయడానికే కాగితం కావాలి. పద ఆఫీసుకి.”

ఆఫీసుకి చేరేసరికి భోజన విరామం మొదలైంది. గుమస్తా బల్ల మీద ఫైళ్ళు పక్కకు జరిపి టిఫిను డబ్బా విప్పుకున్నాడు. ‘అయ్యా’ అనబోయి పెయింటరు తలెత్తి చూశాడు. గోడ మీద ‘భోజన విరామ సమయంలో ప్రశ్నలు అడగరాదు’ అని ఉంది. కింద గీత, గీత చివర మెలిక. తెరిచిన నోరు మూసుకుని బెంచీ మీద కూర్చుని, గంటసేపు తన అక్షరాల వైపు భయభక్తులతో చూస్తూ ఉండిపోయాడు.

విరామం అయ్యాక గుమస్తా బీరువాలన్నీ వెతికాడు. ఆ సందు గురించి ఏ ఉత్తర్వూ లేదు. ఈ సంగతి వినగానే అధికారి ముఖం పాలిపోయింది. ఉత్తర్వు లేనందుకు కాదు, ఫైలు లేనందుకు. పెయింటరు జరిగిందంతా చెప్పాడు. గోడౌను, ఉల్లిపాయలు, ఎండ, తీగ, ఏదీ దాచలేదు. అధికారి ఓపిగ్గా విన్నాడు. విన్న కొద్దీ ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. లేచి నిలబడి, ఎదురుగా ఉన్నది ఒక గుమస్తా, ఒక కానిస్టేబులు, ఒక పెయింటరే అయినా, సభలో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“గత సంవత్సరం ఈ కార్యాలయం నాలుగు వందల పన్నెండు ఉత్తర్వులు జారీ చేసింది. ప్రజలు ఆరింటిని పాటించారు. వాటిలో నాలుగు సెలవు దినాలు. ఇన్నేళ్ళ నా సర్వీసులో నూటికి నూరుపాళ్ళూ అమలైన ఉత్తర్వు ఇదొక్కటే. దీన్ని మనం జారీ చేయలేదన్న చిన్న లోపం తప్ప ఏ లోపమూ లేదు. ఉత్తర్వు ముందు పుట్టాలి, విధేయత తర్వాత పుట్టాలి అనేది పాతకాలపు పద్ధతి. ఇక్కడ బిడ్డ ముందే పుట్టింది. తల్లిని మనం వెతికి పెడదాం. గుమస్తాగారూ, పాత తేదీతో ఫైలు తెరవండి!”

ఫైలు తెరిచారు. ప్రజలు ఈ ఉత్తర్వును ఎందుకు పాటిస్తున్నారో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. విషయం తెలిసిన వ్యక్తిగా బావను అందులో సభ్యుణ్ణి చేశారు. కమిటీవారు బోర్డు దగ్గర గొడుగులేసుకుని కూర్చుని, వెనక్కి తిరిగిన ప్రతివాళ్ళనీ ప్రశ్నించారు. “ముందువాళ్ళు తిరిగారు, నేనూ తిరిగాను” అన్నారు కొందరు. “ఎర్ర అక్షరాలు కదా” అన్నారు ఇంకొందరు. “మనకెందుకొచ్చిన గొడవ” అన్నవాళ్ళు ఎక్కువమంది. అటుగా పోతున్న ఒకాయన “బోర్డా? ఏ బోర్డు?” అన్నాడు. పదహారేళ్ళుగా ఆయనకి ఆ సందులో పనే లేదట. ఈ జవాబులన్నిటినీ క్రోడీకరించి, పౌరులు గాఢమైన నైతిక నిష్ఠతో తమ కర్తవ్యాన్ని నెరవేరుస్తున్నారని కమిటీ నివేదిక ఇచ్చింది. ఆ సందును ‘ఆదర్శ సందు’గా ప్రకటించాలనీ, పలచటి రేకు బోర్డు స్థానంలో ఇనుప బోర్డు పెట్టి ఘనంగా ఆవిష్కరించాలనీ సిఫార్సు చేసింది.

ఆఫీసు అన్నాక ఒక్క గదే ఉండదు కదా. పక్క గదిలోవాళ్ళు ఇంకో కాగితం తయారుచేశారు. ‘మీ పిండిమరకు పది దినములుగా ఒక్కరూ రానందున సదరు యంత్రము ప్రజలకు అక్కరలేనిదిగా తేలినది. కావున వచ్చే సోమవారం దానికి సీలు వేయబడును’ అని అందులో ఉంది. పోస్టుమాన్ దాన్ని గురి చూసి విసిరాడు. ఆవిష్కరణ కూడా ఆ సోమవారమే.

అక్క ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు నుంచీ అందరూ చూస్తుండగా సందులోంచి బయటికి రావడం, బోర్డు పక్కనుంచి లోపలికి పోవడం, మళ్ళీ రావడం. రోజుకి ఇరవై సార్లు. “చూడండర్రా! ఏమైనా అయిందా నాకు? ఎవడైనా ఆపాడా?” అని అరిచేది. నిజంగానే ఎవరూ ఆపలేదు. జనం మర్యాదగా ముఖాలు తిప్పుకున్నారు. “పాపం, మాస్టారి భార్య. మాస్టారు దూరంగా ఉండేసరికి మనసు చెదిరింది,” అన్నాడు మంగలి. గోధుమల డబ్బాలవాళ్ళు జాలిగా చూసి వెనక్కి తిరిగారు.

ఆదివారం మధ్యాహ్నం పెయింటరు మర దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళమ్మ రోజుల నుంచీ తెల్లగా పిండి పట్టి ఉండే గోడలు. పదిహేను రోజులుగా దులిపేవాళ్ళు లేక, కొత్త పిండి పడక, బూడిదరంగుకు తిరిగాయి. అక్క బెల్టు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“ఖాళీగా తిప్పితే రాళ్ళు అరిగిపోతాయిరా. అందుకే విప్పేశాను. పుట్టిన దగ్గర్నించీ ఈ చప్పుడు వింటూ పెరిగాను. ఇప్పుడు చెవుల్లో ఏదో పోయినట్టుంది.”

“అక్కా,” అన్నాడు పెయింటరు. “పడిపోవాలన్నావే, ఆ చేతులు నావే.”

అక్క తలెత్తలేదు. “తెలుసు.”

“తెలుసా?”

“ఆ గీత చివర మెలిక నాకు తెలీదట్రా! చిన్నప్పుడు నీ చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించింది ఎవరు? నువ్వే వచ్చి చెప్తావేమోనని ఇన్నాళ్ళూ చూశాను.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “చేతులు పడిపోవాలని ఊరికే అన్నాను గాని, రాసిన చెయ్యే కదరా, ఏదో ఒకటి చెయ్యి. అమ్మ మరకి సీలు వేస్తుంటే నేను చూడలేను.”

పెయింటరు కొట్టుకి పరిగెత్తాడు. రేకు తీశాడు, రంగు కలిపాడు. ‘ప్రవేశం కలదు. అందరూ నిర్భయంగా రావచ్చును. ఇట్లు, ఉత్తర్వుల మేరకు’ అని చక్కటి ఆకుపచ్చ అక్షరాలతో రాసి, ఎదుటి స్తంభానికి మూడు చుట్లు తీగతో కట్టాడు. ఎవరైనా లోపలికి వెళ్తారేమోనని కొట్టులో నిలబడి చూశాడు.

జనం గుమిగూడారు. చదివారు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

“నిర్భయంగా అన్నాడంటే ఏదో ఉందిరోయ్,” అన్నాడు మంగలి.

“ఇది దొంగ బోర్డు,” అన్నాడు పాలవాడు. “ప్రభుత్వం ఆపుతుంది, లేదా మెడపట్టి తోస్తుంది. మీ ఇష్టమండీ అనడం ఎక్కడైనా విన్నావా?”

గంట తిరక్కుండా ఆ బోర్డును ఊడబీకి కానిస్టేబులుకి అప్పగించారు. కానిస్టేబులు దాన్ని, పెయింటరునీ కలిపి అధికారి ఇంటికి తీసుకెళ్ళాడు. ఒకే చెయ్యి రాసిన రెండు బోర్డుల్లో మొదటిది అసలైనదనీ, రెండోది నకిలీదనీ తేల్చడానికి అధికారికి ఎంతోసేపు పట్టలేదు. మొదటిదానికి ఫైలు ఉంది. అయినా ఆయన దయామయుడు. పైగా మర్నాటి ఆవిష్కరణకి ఇనుప బోర్డు ఇంకా రాయనేలేదు. ఊళ్ళో వేరే పెయింటరు లేడు.

“తెల్లారేసరికి బోర్డు తయారు కావాలి. ఉత్తర్వు ఎలా ఉందో అలా రాయి. అక్షరం తగ్గకూడదు,” అన్నాడు అధికారి.

పెయింటరు చేతులు కట్టుకుని, “తగ్గదండీ,” అన్నాడు. దారంతా పాలవాడి మాటే చెవుల్లో తిరిగింది. ఇరవై రెండేళ్ళుగా ఆ రకం బోర్డులు రాస్తూ తనకు ఈపాటి ఇంగితం లేకపోయిందే అని తిట్టుకున్నాడు.

సోమవారం పొద్దున సందు మొగదల షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. ఇనుప బోర్డు మీద నీలం గుడ్డ కప్పి ఉంది. కాస్త అవతల, సీలు వేసే ఉద్యోగి లక్క, సుత్తి, తాళం ఉన్న సంచీ పట్టుకుని కార్యక్రమం అయ్యేదాకా ఆగాడు. బావ మాట్లాడుతూ, పదిహేను రోజుల ఎడబాటును పౌరధర్మం కోసం చిరునవ్వుతో భరించానన్నాడు. ఆ చిరునవ్వుకు కూరలు వండి వండి అలసిన పెయింటరు భార్య ఆడవాళ్ళ వరసలో కూర్చుని పమిటచెంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత అధికారి లేచాడు. “ప్రశ్నించని పాదమే పవిత్రమైన పాదం” అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆయన తాడు లాగాడు, గుడ్డ జారింది.

బోర్డు మీద ఇలా ఉంది: ‘ప్రవేశం లేదు. ప్రతి ఇంటివారు వారమునకు ఒకసారి లోపలి పిండిమరలో తప్పనిసరిగా పిండి పట్టించుకొనవలెను. తప్పినచో శిక్షార్హులు. ఇట్లు, ఉత్తర్వుల మేరకు.’ కింద గీత. ఎర్రగా, లావుగా, మెలిక.

అధికారి గుడ్లు తేలేశాడు. గుమస్తా చెవి దగ్గరికి వంగి, “ఇది మనమిచ్చిందేనా?” అని అడిగాడు. “అన్నీ మనమిచ్చినవేనండీ. ఫైలు సాయంత్రానికి తయారవుతుంది,” అన్నాడు గుమస్తా. ఎదురుగా వెయ్యిమంది. ముందు వరసలో పత్రికలవాళ్ళు. ఇది తనది కాదంటే మొదటిదీ తనది కాదని తేలుతుంది. అధికారి గొంతు సవరించుకుని బోర్డును ఆ చివర్నించి ఈ చివరిదాకా గంభీరంగా, స్వయంగా రాసుకొచ్చినంత ధీమాగా చదివి వినిపించాడు. పెయింటరు షామియానా గుంజ వెనక్కి నక్కి నిలబడ్డాడు.

జనం ఉలిక్కిపడలేదు. ఇది తగునా అని ఒక్కరూ అనలేదు. వాళ్ళకొచ్చిన సందేహం ఒక్కటే.

“మాస్టారూ, ప్రవేశించకుండా లోపలికి వెళ్ళడం ఎలాగండీ?”

బావ కళ్ళు మూసుకుని ఒక నిమిషం ఆలోచించాడు. కళ్ళు తెరిచి, లేచి, బోర్డు దగ్గరికి నడిచి, సందుకు వీపు పెట్టి నిలబడ్డాడు.

“ప్రవేశించేవాడి ముఖం లోపలికి ఉంటుంది. నా ముఖం ఎటుంది? బయటికి ఉంది. అంటే నేను బయటికి వెళ్తున్నవాణ్ణే. కాళ్ళు కాస్త వెనక్కి పడుతున్నాయి, అంతే,” అని, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, పదిహేను రోజుల తర్వాత స్వగృహం వైపు సాగిపోయాడు. సగం దూరం వెళ్ళాక ఒక కుక్కను తొక్కాడు. జనం హర్షధ్వానాలు చేశారు.

అరగంటలో ఊరు ఊరంతా గోధుమల డబ్బాలు తెచ్చుకుని, సందుకి వీపు పెట్టి, వరసగా వెనక్కి నడవడం మొదలెట్టింది. ముందువాళ్ళ ముక్కులకి వెనకవాళ్ళ వీపులు తగిలాయి, గోడలకి తలలు తగిలాయి, గింజలు ఒలికాయి. ఒక్కరూ సణుక్కోలేదు. సీలు వేసే ఉద్యోగి కూడా సంచీతో సహా వెనక్కి నడుచుకుంటూ మర దాకా వెళ్ళాడు. అక్కడున్న గుంపును చూసి కాగితం జేబులో పెట్టుకుని, “మా ఇంట్లో కూడా రెండు కుంచాల గోధుమలున్నాయమ్మా, సాయంత్రం తెస్తే పడతారా?” అని అడిగాడు.

అక్క బెల్టు ఎక్కించి మీట నొక్కింది. మర పలికింది. సందంతా పాత చప్పుడు నిండింది. ఆమె కళ్ళ నీళ్ళు ఆగలేదు. పిండి పడిందని చెప్పి తుడుచుకుంది.

మధ్యాహ్నానికి పెయింటరు కూడా ఇంట్లో డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చాడు. వీపు మర గుమ్మానికి తగిలాక ఆగి, ఇటు తిరిగి అక్కను చూసి నవ్వాడు. మర బతికింది. ఆ ఆనందంలో అక్క కూడా నవ్వబోయి, టక్కున ఆగింది.

“ఒరేయ్, వాళ్ళంటే చదివినవాళ్ళురా. నువ్వు రాసినవాడివి! నువ్వెందుకురా వెనక్కి నడిచొచ్చావు?”

పెయింటరు బుర్ర గోక్కున్నాడు. నిజంగానే ఆలోచించాడు.

“అందరూ అలాగే వస్తున్నారు కదక్కా. నేనొక్కణ్ణే తిన్నగా వస్తే ఏం బాగుంటుంది?”

“సరే, పక్కకి జరుగు. జనం ఆగిపోయారు,” అని అక్క డబ్బా అందుకుంది.

పాత ప్రశ్నకు జవాబు ఇంతటితో పూర్తయింది. పాఠకులు తమ తెలివితేటలు తలచుకుని ఈ ఊరివాళ్ళను చూసి నవ్వుకుంటూ ఉంటారని మాకు తెలుసు. నవ్వుకోండి. ఒక్క చిన్న మనవి. మొదటి పేరాలో, చివరివరకూ చదవవలెను, మధ్యలో లేచి వెళ్ళరాదు అని రాసి, దాని కింద ఉత్తర్వుల మేరకు అని కూడా రాశాం. ఎవరి ఉత్తర్వు అని మీలో ఒక్కరైనా అడగలేదు. చివరిదాకా వచ్చారు. సంతోషం. ఇక లేచి వెళ్ళవచ్చును. అలా అంటే మీకు అనుమానం వస్తుంది కాబట్టి, వెళ్ళవలెను.